తెరవని ముంత

వస్తువు మీద నంబరు వేసేముందు, ఎక్కడ వేస్తే చూసేవాళ్ళ కంటపడదో వెతుక్కోవాలి. ముంతకైతే అడుగున, బొమ్మకైతే వీపు కింద, గాజు పాత్రకైతే అంచుకి దిగువన. అక్కడ ముందు చిటికెనవేలి గోరంత మేర వార్నిష్ పూయాలి. అది ఆరాక సన్నటి కుంచెతో సిరా నంబరు, దాని మీద మళ్ళీ ఒక పూత వార్నిష్. ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే దూది మీద ఒక చుక్క స్పిరిట్ చాలు. నంబరు పోతుంది, వస్తువుకి ఏమీ కాదు.

మ్యూజియం నేలమాళిగలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే. పై అంతస్తుల వాళ్ళు ఆవిడని నంబర్ల మేడమ్ అంటారు. కింద ఆవిడకి ఒక బల్ల, ఒక దీపం, కూర్చోడానికి ఒక కుర్చీ, ఇంకెవరైనా వస్తే కూర్చోడానికి ఒక స్టూలు. ఇంకెవరూ రాకపోవడంతో స్టూలు మీద అట్టపెట్టెలు చేరి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. కొన్ని రోజులు ఆవిడ నోట మొదటి మాట మధ్యాహ్నం దాటాకే వచ్చేది. ఆ వచ్చిన మాట కూడా వాడకంలో లేని గడియలా ఒకసారి కిర్రుమని, అప్పుడు తెరుచుకునేది.

సోమవారం ఉదయం క్యురేటర్ మెట్లు దిగి వచ్చేసరికి ఆవిడ గాజుపూసలకి వరసగా నంబర్లు వేస్తోంది. పద్దెనిమిది వేల ఆరువందల నలభై ఆరు దగ్గర కుంచె ఆపి తలెత్తింది. బడులకి సెలవులిచ్చారు కదా, పైన పిల్లల శిబిరం మొదలవుతోంది, డ్రాయింగ్ సార్ ఒక్కడే ఉన్నాడు, పిల్లలు పద్దెనిమిది మంది, ఈ అయిదు రోజులూ మీరు కాస్త పైకి రావాలన్నాడాయన. పిల్లలతో మాట్లాడటం తనకి చేతకాదని ఆవిడ చెప్పింది.

"వస్తువులతో మాట్లాడుకుంటారట కదా. అంతకన్నా కష్టమేం కాదులెండి" అన్నాడు క్యురేటర్. ఆ సంగతి పైదాకా ఎలా చేరిందో ఆవిడకి అర్థం కాలేదు.

వెనక హాల్లో బల్లల మీద ప్లాస్టిక్ గుడ్డలు పరిచి ఉన్నాయి. డ్రాయింగ్ సార్ పొడుగ్గా, మోచేతులదాకా మట్టితో, ఎవరు ఏమడిగినా నవ్వుతూ జవాబు చెప్పే మనిషి. ఈ వారమంతా మీరు మట్టితో వస్తువులు చేస్తారు, వెయ్యేళ్ళ తర్వాత ఎవరో తవ్వి తీసి, ఇవి చేసినవాళ్ళు ఎలాంటివాళ్ళో అని ముక్కున వేలేసుకోవాలి, అని పిల్లలకి చెప్పాడు. మా అమ్మకి వెయ్యేళ్ళు అక్కర్లేదు సార్, సాయంత్రమే వేలేసుకుంటుంది అన్నాడు ఒక కళ్ళజోడు పిల్లాడు. హాలంతా నవ్వింది.

అందరూ చొక్కాలకి పేర్ల చీటీలు అంటించుకున్నారు. చివరి బల్ల దగ్గర ఒక పిల్ల మాత్రం చీటీని మడిచి జేబులో పెట్టుకుంది. తొమ్మిదేళ్ళుంటాయి. ఈ ఊరికి వచ్చి రెండు నెలలైందని, అంతకుముందు మూడు ఊళ్ళు మారిందని డ్రాయింగ్ సార్ దగ్గరున్న కాగితంలో ఉంది. మిగతావాళ్ళు ఒకే బడి వాళ్ళో, పక్క పక్క ఇళ్ళ వాళ్ళో కావడంతో గంటలో జట్లు కట్టేశారు. ఆ పిల్లని వాళ్ళు కొత్తమ్మాయి అన్నారు. సాయంత్రం దాకా అదే పేరు.

నాలుగున్నరకి అందరి ఇళ్ళనుంచీ ఎవరో ఒకరు వచ్చారు. కొత్తమ్మాయి వాళ్ళమ్మ రాత్రి డ్యూటీ నర్సు. పగలు పడుకుని లేచి, మళ్ళీ డ్యూటీకి పోయే దారిలో బిడ్డని తీసుకెళ్ళి పక్కింట్లో దింపాలి. ఆవిడ వచ్చేసరికి అయిదున్నర. అప్పటిదాకా నంబర్ల మేడమ్ గేటు దగ్గర బెంచీ మీద ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగుతుంటే ఆవిడకి గొంతు నొప్పి తెలిసింది. ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడి చాలా ఏళ్ళయింది.

మంగళవారం పిల్లల్ని గదులన్నీ తిప్పి చూపించారు. చూసినదాంట్లో ఒకటి ఎంచుకుని అలాంటిది చేయాలి. వాళ్ళు కత్తుల గదిలో ఆగారు, మొసలి అస్థిపంజరం దగ్గర నానా హంగామా చేశారు. చివరి గదిలో ఒక మూల అద్దాల పెట్టెలో నారింజపండంత మట్టి ముంత ఉంది. మూతి మీద మట్టితోనే కప్పేసి ఉంది. కొత్తమ్మాయి అక్కడే నిలబడిపోయింది. వెనక్కి వచ్చిన నంబర్ల మేడమ్‌కి ఆ పిల్ల వేలితో గాలిలో అక్షరాలు దిద్దుతూ పెట్టెకి తగిలించిన పలక చదవడం కనిపించింది. 'లోపల ఏముందో తెలియదు.' ఇరవై ఏళ్ళ కింద ఆవిడ తన చేత్తో రాసిన పలక అది.

"ఎవరూ చూడలేదా?"

"లేదమ్మా. తెరవాలంటే పగలగొట్టాలి."

"ఊపి చూడొచ్చుగా?"

"మ్యూజియంలో ఏదీ ఊపకూడదు."

ఆ పిల్ల ఆలోచించింది. "మీకు చూడాలని లేదా?"

ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, దుమ్ము తుడవడానికి దాన్ని బయటికి తీసినప్పుడల్లా చెవి దగ్గర పెట్టుకుంటానని చెప్పింది. ఏం వినిపిస్తుందని పిల్ల అడిగింది. ఏమీ వినిపించదని, అయినా ప్రతిసారీ పెట్టుకుంటానని ఆవిడ చెప్పింది. పిల్ల మొదటిసారి నవ్వింది. ముందు పళ్ళలో ఒకటి ఇంకా సగమే వచ్చింది.

ఆ మధ్యాహ్నం కొత్తమ్మాయి మట్టిని రెండు ముద్దలు చేసి, రెండు దొప్పలుగా వత్తి, అంచులకి తడి రాసి కలిపింది. కలిపేముందు ఎడమ చేతిని అడ్డం పెట్టి, వీపు అందరివైపూ తిప్పి, చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత అతుకు కనిపించకుండా వేలితో నున్నగా చేసింది. మూతి లేదు, మూత లేదు. బల్ల మీద గుండ్రంగా కూర్చుంది ముంత.

అందులో ఏం పెట్టావని పక్క పిల్ల అడిగింది. చెప్పనంది కొత్తమ్మాయి.

బుధవారం పొద్దున్నకల్లా ఆ మాట హాలంతా పాకింది. ఉంగరమన్నారు, ఊడిన పన్నన్నారు, ఉత్తరమన్నారు, బతికున్న పురుగన్నారు. కళ్ళజోడు పిల్లాడు కాగితం మీద గీతలు గీసి, ఎవరు ఏమనుకుంటున్నారో రాసుకోవడం మొదలెట్టాడు. కత్తులు, మొసళ్ళు వదిలేసి అందరూ చివరి బల్ల చుట్టూ మూగారు. ఒకసారి ఊపమని బతిమాలారు. మ్యూజియంలో ఏదీ ఊపకూడదని కొత్తమ్మాయి గంభీరంగా చెప్పి, అవునా కాదా అన్నట్టు నంబర్ల మేడమ్ వైపు చూసింది. ఆవిడ తల ఊపింది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చోడానికి ఇద్దరు పోట్లాడుకున్నారు. పేరేమిటని కూడా ఎవరో అడిగారు. కొత్తమ్మాయి జేబులోంచి చీటీ తీసి చూపించడం ఆవిడ దూరంనుంచి గమనించింది.

డ్రాయింగ్ సార్ వస్తువులన్నీ ఒకసారి చూసుకుంటూ వచ్చి ముంత దగ్గర ఆగాడు. రేపు రాత్రికి అన్నీ కరెంటు బట్టీలో పెడతానని, గాలి పోయే దారి లేకపోతే ఇది బట్టీలో పేలిపోతుందని, పక్కనున్న వాళ్ళ బొమ్మలు కూడా ముక్కలవుతాయని మెల్లగా చెప్పాడు. సూది మొనంత రంధ్రం, అంతే. కొత్తమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆలోచించుకోమ్మా అని ఆయన వెళ్ళిపోయాడు.

మూడింటికి పిల్లలు పళ్ళరసం తాగడానికి వరండాలోకి వెళ్ళారు. నంబర్ల మేడమ్ హాల్లోనే కూర్చుని మర్నాటికి చీటీలు కత్తిరిస్తోంది. డ్రాయింగ్ సార్ అల్మరా దగ్గరికి పోతూ పోతూ చివరి బల్ల దగ్గర ఆగాడు. చొక్కా జేబులోంచి గుండుసూది తీశాడు. ముంతని ఎడమ అరచేతిలోకి తీసుకుని, మట్టి ఇంకా సగమే ఆరింది కాబట్టి, కాస్త తిప్పుతూ పక్కన గుచ్చి తీశాడు. సరిపోలేదనుకున్నాడేమో, పెన్సిల్ మొనతో ఇంకొంచెం పెద్దది చేశాడు. పని సగం మిగలకుండా చూసుకునే మనిషి చేసినట్టు, శ్రద్ధగా చేశాడు. తర్వాత దాన్ని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి అల్మరా తెరిచాడు.

ఆవిడ చేతిలో కత్తెర తెరిచి ఉంది. నోరు కూడా తెరిచే ఉంది. మాట మాత్రం రాలేదు. ఆయన చెప్పింది నిజమే కదా, పేలిపోతే ఎలా అని ఒక మనసు. మరుక్షణంలో పిల్లలు లోపలికి వచ్చేశారు.

కొత్తమ్మాయి ముంతని చేతిలోకి తీసుకుని ఒక చుట్టు తిప్పింది. వేలు ఒకచోట ఆగింది. ఏడవలేదు, ఎవరినీ అడగలేదు. ఇంతలో కళ్ళజోడు పిల్లాడు చూశాడు. ఒరేయ్, కన్నం పడింది, టార్చి ఉందా ఎవరి దగ్గరైనా అని కేక పెట్టాడు. పిల్లలు ఎగబడ్డారు. కొత్తమ్మాయి బొటనవేలితో కన్నం మూసింది. ఆ వేలు ఇక తియ్యలేదు. అందరూ తమ బొమ్మలకి నగిషీలు చెక్కుతుంటే తను ఒంటిచేత్తో బల్ల మీద పడిన మట్టి పొడి పోగుచేసింది. ఇంకో చేయి ముంత మీదే. గంటన్నర సేపు అలాగే ఉంది. అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేదు. విసుగు పుట్టి వాళ్ళు మళ్ళీ మొసళ్ళ దగ్గరికి పోయారు. సాయంత్రం వస్తువులు సర్దేటప్పుడు ముంతని అరలో చిట్టచివర, కన్నం గోడవైపుకి తిప్పి పెట్టింది.

అయిదింటికి బెంచీ మీద వాళ్ళిద్దరే మిగిలారు. పిల్ల తన బొటనవేలి చివర అంటిన మట్టిని గోటితో గీకుతోంది.

"మీరు అక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నానమ్మా."

"మరి వద్దని చెప్పలేదేం?"

పేలిపోతుందేమోనని అనబోయి ఆవిడ ఆగింది. అది సార్ మాట. తన మాట వేరే ఉండాలి, వెతికితే దొరకలేదు. "చెప్పాల్సింది" అంది చివరికి. పిల్ల మళ్ళీ గోటితో మట్టి గీకడంలో పడింది. వాళ్ళమ్మ వచ్చాక వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆవిడ అన్నం వడ్డించుకుని తినకుండా కూర్చుంది. వేల వస్తువులకి నంబర్లు వేసింది తను. దేనికైనా చిన్న గీత పడితే ఎవరి చేతిలో పడిందో రాసేదాకా నిద్రపట్టేది కాదు. ఈరోజు కళ్ళముందు జరిగింది. చీటీలు కత్తిరిస్తూ కూర్చుంది.

గురువారం ఆవిడ పిల్లలకంటే ముందే వచ్చింది. ఆ ముంతని బట్టీలో పెట్టొద్దని డ్రాయింగ్ సార్‌ని అడిగింది. కాల్చకపోతే అది వట్టి మట్టేనండీ, చెమ్మ తగిలితే కరిగిపోతుంది, రేపటి ప్రదర్శనలో కాల్చి రంగులేసినవే పెట్టాలని క్యురేటర్ గారు చెప్పారు, అన్నాడాయన. కరగకుండా చూసుకోవడమే తన ఉద్యోగమని ఆవిడ చెప్పింది. గొంతు కిర్రుమనలేదు. ఆయన ఆశ్చర్యంగా చూసి సరేనన్నాడు.

ఆ రోజు ఆవిడ వంతు. బల్ల మీద వార్నిష్, సిరా, కుంచె పెట్టి, వస్తువు మ్యూజియంలోకి ఎలా చేరుతుందో చెప్పింది. నంబరు ఒకసారి ఇచ్చాక ఇంకో వస్తువుకి ఇవ్వరని, వస్తువు పగిలినా పోయినా ఆ నంబరు దానిదేనని చెప్పింది. చచ్చిపోయినా రోల్ నంబరు ఉంటుందన్నమాట, అన్నాడు కళ్ళజోడు పిల్లాడు. తర్వాత వాళ్ళు చీటీలు రాశారు. వస్తువు, దేనితో చేసింది, ఎక్కడ దొరికింది, పరిస్థితి, దెబ్బతింటే ఎవరివల్ల. కళ్ళజోడు పిల్లాడి చీటీలో 'మొసలి. మంచం కింద దొరికింది. తోక విరిగింది. చెల్లి వల్ల' అని ఉంది. చెల్లి ఈ శిబిరానికే రాలేదు.

కొత్తమ్మాయి ఖాళీ చీటీ ముందు కూర్చుని ఉంది. ఆవిడ ఒక స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. తడిగుడ్డలో చుట్టి ఉంచిన ముంతని బయటికి తీసింది.

"ఇది కాల్చడం లేదమ్మా. కన్నం మూద్దామా, ఉంచేద్దామా? నీ ఇష్టం."

పిల్ల ఆవిడ కళ్ళలోకి చూసింది. "మూద్దాం."

పల్చగా కలిపిన మట్టిని పుల్లతో కొద్దికొద్దిగా పిల్లే నింపింది. పూర్తిగా నున్నగా చేయొద్దని ఆవిడ చెప్పింది. తమ పనిలో అతుకు దూరానికి కనిపించకూడదు, దగ్గరికి వచ్చి చూసేవాళ్ళకి మాత్రం తెలియాలి. జరిగింది జరగనట్టు చేయకూడదు.

తర్వాత చీటీ. 'ముంత. మట్టి. కాల్చలేదు. పక్కన కన్నం పెట్టి, మళ్ళీ మూశారు.' ఎవరివల్ల అన్న గడి దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. ఇక్కడ నిజమే రాయాలా అని అడిగింది పిల్ల. నిజమే రాయాలంది ఆవిడ. పిల్ల కదల్లేదు. అప్పుడు ఆవిడ తన సిరా పెన్ను తీసి, పలకల మీద రాసే గుండ్రటి అక్షరాల్లో రాసింది: 'డ్రాయింగ్ సార్ వల్ల. అక్కడే ఉండి ఆపనిది, నంబర్ల మేడమ్.'

పిల్ల రెండుసార్లు చదివింది. ముంత ఆవిడ చేతికిచ్చింది.

మిగతా వస్తువులన్నిటికీ చీటీల మీద శిబిరం నంబర్లు, ఒకటినుంచి పదిహేడు. ఇది పద్దెనిమిది కావాలి. ఆవిడ అడుగున వార్నిష్ పూసి, ఆరాక కుంచె ముంచింది. చేయి తన అలవాటు ప్రకారం తను పోయింది. పిల్ల వంగి చూసి, నాకెందుకు అంత పెద్ద నంబరు అని అడిగేదాకా ఆవిడకి తెలియలేదు. పద్దెనిమిది వేల ఆరువందల నలభై ఏడు. సోమవారం పూసల దగ్గర ఆపేసిన నంబరుకి తరవాతది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ చేసిన మొదటి తప్పు.

"తప్పు రాశాను."

"చెరిపేస్తారా?"

స్పిరిట్ సీసా పక్కనే ఉంది. దూది కూడా ఉంది. ఆవిడ దూది తీసుకుంది. పిల్ల బొటనవేలు మూసిన కన్నం మీదికి తనంతట అదే వెళ్ళి ఆనింది.

"చెరపను" అంది ఆవిడ, దూదిని పక్కన పెట్టి. నంబరు మీద రెండో పూత వార్నిష్ వేసింది.

శుక్రవారం డ్రాయింగ్ సార్ బల్లలమీద బొమ్మలు పేరుస్తూ ఆ చీటీ చదివాడు. చాలాసేపు దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కొత్తమ్మాయి ముందు మోకాళ్ళమీద కూర్చుని, అడక్కుండా చేశాను, అడగాల్సింది, అన్నాడు. నవ్వకుండా ఆయన మాట్లాడటం పిల్లలు అప్పుడే చూశారు. ముంతకి రంగు లేకపోయినా తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టి, చీటీని దాని ముందు నిలబెట్టాడు.

మూడింటికి తల్లిదండ్రులు వచ్చారు. మొసలి దగ్గర నవ్వారు, ముంత దగ్గర నవ్వు ఆపి చీటీ మళ్ళీ చదివారు. కొత్తమ్మాయి దాని పక్కన చేతులు వెనక్కి కట్టుకుని, గదుల్లో నిలబడే కాపలావాళ్ళలా నిలబడింది. పిల్లలు మళ్ళీ చుట్టూ చేరారు. కళ్ళజోడు పిల్లాడు తన కాగితం తెచ్చి పెద్దవాళ్ళ చేత కూడా ఊహలు రాయించాడు. ఉంగరానికే ఎక్కువ మంది. నాలుగున్నరకి ఎవరి బొమ్మలు వాళ్ళు పట్టుకుని, టాటాలు చెప్పి వెళ్ళిపోయారు. హాల్లో కుర్చీలు మడిచేస్తుంటే కొత్తమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది. నిద్ర చాలని కళ్ళు, డ్యూటీ బట్టలు. అలారం వినిపించలేదని ఎవరూ అడగకుండానే చెప్పుకుంది. ఇదేనా నువ్వు చేసింది, అంటూ ముంత తీసుకుని చెవి దగ్గర ఊపబోయింది.

"ఊపకూడదు" అన్నారు పిల్లా, నంబర్ల మేడమూ ఒక్కసారే.

ఇంటికి తీసుకెళ్దామా అని తల్లి అడిగింది. వద్దు, దానికిక్కడ నంబరుంది అంది పిల్ల. ఏమిటో నీ గోల అని తల్లి నవ్వి, ముంత అక్కడే పెట్టి, మొహం కడుక్కోడానికి వెళ్ళింది. వస్తువు ఇచ్చినవాళ్ళకి రసీదు ఇవ్వడం మ్యూజియం పద్ధతి కాబట్టి నంబర్ల మేడమ్ రసీదు పుస్తకం తీసింది. పిల్ల దగ్గరగా వచ్చి ఆవిడ చెవి అందేలా మునివేళ్ళ మీద లేచింది.

"అందులో ఏం లేదు."

ఆవిడ పెన్ను ఆగింది.

"ఏదైనా పెడదామనుకున్నా. ఏం పెట్టాలో తెలియలేదు. మూసేశాక అందరూ అడగడం మొదలెట్టారు." మునివేళ్ళ మీంచి దిగింది. "కన్నంలోంచి చూస్తే తెలిసిపోతుందని వేలు పెట్టుకున్నా. ఇప్పుడు రాసేస్తారా? నిజమే రాయాలన్నారు కదా."

మొన్న గంటన్నర సేపు ఆ చిన్న బొటనవేలు తెల్లబడేదాకా నొక్కి పట్టడం ఆవిడకి గుర్తొచ్చింది. రసీదులో నంబరు వేసింది. వస్తువు, ముంత. ఇచ్చినవారు అన్నచోట పిల్ల జేబులోని చీటీ అడిగి తీసుకుని, అందులోని పేరు పూర్తిగా ఎక్కించింది. లోపలివి అన్న గడిలో రాసి, సిరా ఆరాక చించి ఇచ్చింది.

పిల్ల చదివింది. 'తెరిచి చూడలేదు.'

"ఇది నిజమే కదా?" అంది అనుమానంగా.

"నిజమే. మేం తెరిచి చూసిందే రాస్తాం."

ఈ రసీదు చూపిస్తే ఏ రోజైనా పని వేళల్లో కిందికి వచ్చి తన వస్తువుని చూసుకోవచ్చని, అది కూడా పద్ధతేనని ఆవిడ చెప్పింది. పిల్ల రసీదుని నాలుగు మడతలు పెట్టి, పేరు చీటీ ఉండే జేబులో పెట్టుకుంది. గేటు దగ్గర ఒకసారి వెనక్కి చూసింది.

సోమవారం క్యురేటర్ వారం వారం సంతకాలకి కిందికి దిగాడు. రిజిస్టరులో పూసల కింద ఉన్న వరుస దగ్గర కళ్ళజోడు సరిచేసుకున్నాడు. ఇదేమిటన్నాడు. తప్పు, నాదే, అంది ఆవిడ. కొట్టేద్దామా అని అడిగాడు. రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదని మీరే కదండీ అన్నది అని గుర్తుచేసింది. ఆయన గడ్డం గోక్కుని, ఎదురు అరలో ఉన్న ముంత వైపు చూశాడు.

"ఇంతకీ ఏముంది అందులో?"

"తెరవలేదండి."

ఆయన నవ్వి సంతకం పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు ఆగాక ఆవిడ లేచింది. ముంతని చెమ్మ తగలని పై అరలోకి మార్చింది. మార్చేముందు అలవాటుగా చెవి దగ్గరికి తీసుకోబోయి, మానేసి, రెండు చేతులతో జాగ్రత్తగా అక్కడ పెట్టింది. తర్వాత స్టూలు మీది అట్టపెట్టెలు ఒక్కొక్కటే దించి గోడవారగా పేర్చింది. గుడ్డ తడిపి స్టూలు తుడిచి, బల్లకి ఇవతలివైపు వేసింది.

ఆ వారం ఎవరూ రాలేదు. పెట్టెలు మాత్రం మళ్ళీ స్టూలు మీదికి ఎక్కలేదు.